అలంపూర్‌కు అరగంట చాలదు

మాది మహబూబ్‌నగర్. అలంపూర్ ఒకప్పుడు మా జిల్లాలోదే, 2016లో జోగులాంబ గద్వాల జిల్లాకు పోయింది. అయినా ఇన్నేళ్లూ ఆ ఊరిని సరిగా చూడలేదు. మంత్రాలయం వెళ్తూ మధ్యలో ఆగడం, అమ్మవారికి దండం పెట్టడం, బండెక్కడం. అంతే. ఈసారి అమ్మ పట్టుబట్టింది, ఇంకెక్కడికీ వద్దని.

రాత్రి కర్నూలులో దిగాం. అక్కడి లాడ్జిలో వేడినీళ్లు ఆరింటికే వస్తాయన్నారు, ఎనిమిదిన్నరకు సగం బకెట్ వచ్చాయి. అలంపూర్‌లోనే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, అక్కడే దిగాల్సింది. హైదరాబాద్ హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగితే ఊరు ఇంకా పదిహేను కిలోమీటర్లు లోపలికి. ఆటో ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. మేం ఊళ్లోకెళ్లాక మాట్లాడాం, అదీ తప్పే.

జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది, సతీదేవి పై దంతాలు పడ్డ చోటని నమ్మకం. పాత గుడి పోయాక విగ్రహం శతాబ్దాల పాటు బాలబ్రహ్మేశ్వర ఆలయంలోనే ఉంది, ఇప్పటి గుడి 2005లో వచ్చింది. చుట్టూ నీళ్ల గుండం కట్టారు. ఎందుకమ్మా అంటే, "ఉగ్రరూపం కదరా, చల్లగా ఉండొద్దా?" అంది. తల మీద బల్లి, తేలు, కపాలంతో ఉన్న నిజరూపం వసంత పంచమి నాడే కనిపిస్తుంది. మిగతా రోజుల్లో చీరలోనే దర్శనం. క్యూ పావుగంటలో అయిపోయింది.

చాలామంది ఇక్కడితో వెనక్కి తిరుగుతారు. అసలు అలంపూర్ ఆ పక్కనే ఉంది: నవబ్రహ్మ ఆలయాలు. పేరుకే బ్రహ్మలు, అన్నీ శివాలయాలు, బాదామి చాళుక్యుల కాలం నాటివి. ఒక్క బాలబ్రహ్మలోనే నిత్యపూజ. మధ్యాహ్నం రాతి పలకలు అట్లపెనంలా కాలుతున్నాయి, సాక్సులు తీసుకెళ్లాల్సింది. స్వర్గబ్రహ్మ దగ్గర మాత్రం కాళ్ల మంట మర్చిపోయాను. గోడల్లో దిక్పాలకులు, రాతిని జల్లెడలా తొలిచిన కిటికీలు, పైన శిఖరం మీద పెద్ద ఉసిరికాయను అడ్డంగా కూర్చోబెట్టినట్టు ఆమలకం. మన దక్షిణాది గోపురాలకు అలవాటైన కంటికి ఈ శిఖరాలు కొత్తగా ఉంటాయి.

ఈ గుళ్లకు రాళ్లు మోసిన బండ్లు తుంగభద్ర దాటే ముందు కర్నూలు దగ్గర ఆగి చక్రాలకు కందెన పెట్టుకునేవట, అందుకే ఆ ఊరు కందెనవోలు అయిందని అంటారు. మాకు ఆ ఊళ్లో కందెన కాదు, వేడినీళ్లే దొరకలేదు.

అలంపూర్ తుంగభద్ర ఒడ్డునే ఉన్నా, నది కోసం వెతుక్కోవాలి. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు ముంచకుండా ఊరికి అడ్డంగా పెద్ద గోడ కట్టారు, గుడి ఆవరణలో నిలబడితే నీళ్లు కనపడవు. నాకది నచ్చలేదు. కానీ గోడ అవసరం పాపనాశి గుళ్లు చూశాక అర్థమైంది. ఆ గుళ్లను, కూడవెల్లిలో కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి సంగమేశ్వరాలయాన్ని ముంపు భయంతో రాయి రాయి విప్పి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఈ సంగమేశ్వరాలయం దగ్గర జనమే లేరు, హాయిగా గంట కూర్చున్నాం.

సాయంత్రం ఘాట్ మెట్లు దిగాం. నీళ్లు తగ్గి కింది మెట్లకు పాచి పట్టింది, పెద్దవాళ్లు చేయి పట్టుకుని దిగాలి. బట్టలు మార్చుకునే గది ఒకటుంది గానీ గడియ లేదు, తలుపుకు నేను కాపలా. అమ్మ మూడు మునకలు వేసి, కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పట్టింది. "గంగా స్నానం, తుంగా పానం అన్నారు" అని నాకివ్వబోతే, కాచి తాగుదాంలే అన్నాను. బస్సులో ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.