నైట్‌క్రాలర్లకు కాగితం బెడ్డింగ్: నాలుగు సీజన్లు వాడాక

పట్టిన రాత్రే ఒక నైట్‌క్రాలర్‌ని, అంటే గాలానికి ఎరగా గుచ్చే పెద్ద జాతి ఎర్రని (వానపాముని), టార్చికి అడ్డం పెట్టి చూడండి. లోపల తల నుంచి తోక దాకా నల్లటి గీత కనిపిస్తుంది. అది పేగు, అందులో ఉన్నది మట్టి. అదే ఎర్రని రెండు రోజులు కాగితం బెడ్డింగ్‌లో, అంటే మట్టికి బదులు వాడే తడి కాగితపు పొడిలో, ఉంచి మళ్లీ చూస్తే గీత బూడిద రంగుకి తిరిగి ఉంటుంది. మట్టి బయటికి పోయి, కాగితం లోపలికి చేరిందన్నమాట. ఒళ్లు గట్టిపడుతుంది, చర్మం నిగనిగలాడుతుంది. గాలానికి గుచ్చితే వేళ్ల మీద మట్టినీళ్లు కారవు. దూరంగా విసిరినా జారిపోదు. నాలుగు సీజన్లుగా ఈ బెడ్డింగ్‌ని వదలకుండా వాడుతున్నది ఈ ఒక్క గుణం కోసమే. గాలం సామాన్లలో ఇంత సంతోషపెట్టిన వస్తువు నాకు ఇంకోటి లేదు.

ఇదంతా కెనడాలోని దక్షిణ ఒంటారియో సంగతి. ఇక్కడ వీటిని డ్యూ వార్మ్ అని కూడా అంటారు. మన వైపు కాలవ గట్టున తవ్వి తీసే ఎర్ర కన్నా బాగా పొడుగు, లావు. నిలువు బొరియలో ఒంటరిగా ఉంటుంది, రాత్రిపూట మేతకి పైకి వస్తుంది. నేను వాడేది కాగితపు గుజ్జుని ఎండబెట్టి పొడి చేసిన బూడిద రంగు బెడ్డింగ్, మూతున్న 12 లీటర్ల థర్మోకోల్ పెట్టె. రెండు మూడు కంపెనీల పొడులు వాడాను, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు.

బెడ్డింగ్ ఎంత మంచిదైనా తెగిన ఎర్రని బతికించలేదు. పెట్టెలో మొదట కుళ్లేది అదే. కాబట్టి సగం పని పట్టే దగ్గరే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో, వాన వెలిసి గాలి లేని రాత్రి, చలి 8 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే పచ్చిక మీద అవే పరుచుకుని ఉంటాయి. చీకటి పడ్డాక ఇంకో గంటన్నర ఆగి వెళ్లాలి. తెల్ల లైటు పడగానే చటుక్కున లోపలికి పోతాయి, ఎర్ర లైటుని అంతగా పట్టించుకోవు. అడుగుల అదురు మాత్రం బాగా తెలుస్తుంది, మెత్తగా నడవాలి.

పైకి వచ్చినా దాని తోక బొరియలోనే ఉంటుంది. ఒంటి మీది సన్నటి ముళ్లతో గోడని గట్టిగా పట్టుకుని ఉంటుంది. తల పట్టుకుని లాగితే తెగడం ఖాయం. వేళ్లు పెట్టాల్సింది బొరియ మూతి దగ్గర. అక్కడ పట్టుకుని, లాగకుండా ఊరికే ఉండాలి. మూడు నాలుగు సెకన్లకి లోపల పట్టు సడలినట్టు వేళ్లకి తెలుస్తుంది. అప్పుడు బొరియ ఏ వాలున ఉందో ఆ వాలునే నెమ్మదిగా తీస్తే పూర్తిగా వచ్చేస్తుంది. పది పదిహేను పట్టేసరికి జిగురుకి వేళ్లు జారడం మొదలవుతుంది. ఇక్కడ అమ్మకానికి ఏరే కూలీలు కాళ్లకి రెండు డబ్బాలు కట్టుకుంటారు, ఒకటి ఎర్రలకి, ఇంకోటి వేళ్లు అద్దుకునే రంపపు పొట్టుకి. ఆ రెండో డబ్బా నేనూ పెట్టుకున్నాక తెగినవి బాగా తగ్గాయి.

మందు కొట్టిన పచ్చిక, గోల్ఫ్ మైదానం జోలికి పోవద్దు. అక్కడ పట్టినవి పైకి బాగానే కనిపిస్తాయి, మూడో రోజుకి పెట్టెలో మెత్తబడిపోతాయి. వానకి తారు రోడ్డు మీదకి కొట్టుకొచ్చినవీ అంతే, అప్పటికే నీరసించి ఉంటాయి. జంట కట్టి ఉన్నవాటిని వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. ఒక్కో గుడ్డు తిత్తిలోంచి మామూలుగా ఒకే పిల్ల వస్తుంది, అది గాలానికి గుచ్చే సైజు రావడానికి నెలలు పడుతుంది. ఏటా అదే పచ్చికకి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక బెడ్డింగ్ కలపడం. 500 గ్రాముల పొడికి లీటరు నీళ్లు పోసి, అరగంట నానాక చేత్తో పొడిపొడిగా విప్పాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రావాలి. ధార కారితే ఎక్కువైనట్టు, చేతికి తడి అంటకపోతే తక్కువైనట్టు. సరిపోకపోతే ఒక్కోసారి 100 మిల్లీలీటర్లే కలుపుతూ చూసుకోవాలి. నేను వాననీళ్లే పోస్తాను. కుళాయి నీళ్లు ఒక రాత్రి నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందని అందరూ చెప్పేదే, కానీ టొరంటో లాంటి చోట్ల నీళ్లలో వేసేది క్లోరమైన్, అది నిలవ ఉంచినంత మాత్రాన అంత తేలిగ్గా పోదు. వాననీళ్లు లేకపోతే అక్వేరియం షాపులో దొరికే చుక్కల మందు వేసి కలుపుకోవచ్చు.

పెట్టెలో 15 సెంటీమీటర్ల ఎత్తున నింపి, పైన ఎర్రలని ఒక్క వరసగా పరిచి, లైటు వేసి అరగంట వదిలేయాలి. బాగున్నవి పది ఇరవై నిమిషాల్లో లోపలికి దూరిపోతాయి. అరగంట తర్వాత కూడా పైన పడి ఉన్నవి తెగినవో నలిగినవో అయి ఉంటాయి, మొహమాటపడకుండా తీసేయాలి. మూతకి పది సన్న కన్నాలు, మూత కింద ఒక పాత పంచె ముక్క. ఎర్రలు కన్నాల దాకా రాకుండా గుడ్డ ఆపుతుంది. ఫ్రిజ్‌లో 4 నుంచి 7 డిగ్రీల మధ్య, వెనక చల్లబరిచే పలకకి తగలకుండా ముందుకి పెట్టాలి. ఆ పలకకి ఆనిన వైపు బెడ్డింగ్ గడ్డకడితే, అక్కడ ఉన్నవి కరగగానే నీరైపోతాయి.

ఇక్కడి దాకా అంతా పొగడ్తే. రెండో సీజన్ జూన్‌లో ఈ పెట్టె ఎలా దెబ్బతీసిందో కూడా చెప్పాలి. లోపల 150 ఎర్రలు ఉన్నాయి. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పై పొర రెండు రోజులకే తెల్లబారేది. బూడిద రంగు బెడ్డింగ్ ఆరితే లేత రంగుకి వస్తుంది, చూడగానే నీళ్లు చల్లాలనిపిస్తుంది. రెండు రోజులకోసారి స్ప్రే సీసాతో 100 మిల్లీలీటర్ల చొప్పున పడుతూ వచ్చాయి. పదహారు రోజుల్లో ఎనిమిది సార్లు, అంటే 800 మిల్లీలీటర్లు. పైన కొంత ఆరిపోయింది, మిగతాదంతా కిందకి దిగింది. థర్మోకోల్‌లోంచి చుక్క కూడా బయటికి పోదు. అడుగున అయిదు సెంటీమీటర్లు గుజ్జు గుజ్జుగా, గాలి దూరే సందు లేకుండా పేరుకుపోయింది.

విచిత్రం ఏమిటంటే పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. వేలితో కదిపితే పైవి చురుగ్గా ముడుచుకున్నాయి. పదహారో రోజున మూత తీస్తే కొన్ని గుడ్డకి అంటుకుని ఉన్నాయి. అంత చలిలో ఎర్ర గోడెక్కిందంటే కింద ఊపిరి ఆడట్లేదని అర్థం. అది అప్పుడు తెలియలేదు. పద్దెనిమిదో రోజు ఫ్రిజ్ తలుపు తీయగానే ఘాటుగా అమ్మోనియా వాసన కొట్టింది. పెట్టె బోర్లిస్తే అడుగున ఉన్నవి పాలిపోయి, ఉబ్బి, పట్టుకుంటే చిట్లిపోయేలా ఉన్నాయి. నీళ్లే వాటిని చంపాయనుకుంటే పొరపాటు. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో ఎర్ర రోజుల తరబడి బతకగలదు. గాలి అందని గుజ్జులో ఒక్కటి చచ్చినా చాలు, అది కుళ్లుతూ మిగిలిన కాస్త గాలినీ తినేస్తుంది, దాని అమ్మోనియా పక్కవాటిని చంపుతుంది, అవి వాటి పక్కవాటిని. 150లో 60 బతికాయి. కొత్త బెడ్డింగ్‌లోకి మార్చాక వాటిలో మరో 20 రెండు రోజుల్లో పోయాయి.

పొడి సంచీ మీద నీళ్లు ఎంత పోయాలో రాసి ఉంటుంది గానీ, తర్వాత ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క ఉండదు. నా గట్టి ఫిర్యాదు ఇదే. పై పొర రంగు చూసి తడి అంచనా వేయకూడదు. ఆ తర్వాత పెట్టెకి మొదటి రోజే బరువు తూచి మూత మీద రాయడం అలవాటైంది. కిలో పొడి, రెండు లీటర్ల నీళ్లు, వంద ఎర్రలు, పెట్టె కలిపి దాదాపు 3 కిలోల 700 గ్రాములు తూగుతుంది. వారానికోసారి కాటా మీద పెడితే 50, 60 గ్రాములు తగ్గి ఉంటుంది. తగ్గినంతే పోయాలి, చుక్క ఎక్కువ వద్దు. నీళ్లు పోసే ముందు రెండు చేతులతో అడుగు నుంచి పైకి తిరగేయాలి. తిరగేస్తే చాలాసార్లు నీళ్ల అవసరమే ఉండదు, కింది తడి పైకి వచ్చేస్తుంది. చచ్చినవి ఉంటే అప్పుడే దొరుకుతాయి. అడుగున కన్నాలు పెట్టి కింద పళ్లెం ఉంచడం కూడా చేసి చూశాను. నీళ్లు దిగుతాయి, నిజమే, కానీ ఫ్రిజ్‌లో ఆ పళ్లెం వాసన ఇంట్లోవాళ్లు భరించలేరు. ఈ రెండు సీజన్లలో కాటా ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

పెట్టెకి వంద దాటించకపోవడం కూడా అప్పటి నుంచే. మూడు నాలుగు వారాలకి బెడ్డింగ్ మొత్తం మార్చేయాలి, అప్పటికి అది వాటి విసర్జనతో నల్లబడి ఉంటుంది.

మొదట్లో చెప్పిన గట్టిదనం గురించి కూడా కాస్త సర్దుకోవాలి. అది రెండో రోజు నుంచి పది పన్నెండు రోజుల దాకా బాగుంటుంది. ఆ తర్వాత సన్నబడతాయి, కాగితంలో బలం ఏముంటుంది? అంతకన్నా ఎక్కువ నిలవ ఉంచాలంటే ఒక మూల చెంచాడు మొక్కజొన్న పిండి చల్లి, అది అయిపోయాకే ఇంకో చెంచా వేయాలి. మిగిలిన అన్నం, కూర తొక్కలు వేయొద్దు, ఆ చలిలో తినేలోపే పులిసిపోతాయి. ఇంకో మాట, చేపలు ఎక్కువ కొడుతున్నాయా అంటే ఆ తేడా నేను చెప్పలేను. తేడా గాలం మీద నిలవడంలోనే. పడవ మెల్లగా నడుపుతూ వాలై అనే చేప కోసం పొడుగు ఎర్రని లాగేటప్పుడు ఈ బిగువు చాలా పనికొస్తుంది. పెర్చ్, బ్లూగిల్ లాంటి చిన్న చేపలకి అయితే ఎలాగూ ముక్క తుంచి గుచ్చుతాం, మట్టిలో ఉంచిన ఎర్రా అదే పని చేస్తుంది. పడవలోకి పెట్టె మొత్తం తీసుకెళ్లొద్దు. రెండు డజన్లు చిన్న డబ్బాలో, నీడలో, గడ్డకట్టిన నీళ్ల సీసాకి ఆనించి ఉంచాలి. ఎండలో వదిలేస్తే గంట రెండు గంటల్లో ముద్దైపోతాయి.

ఒంటారియోని ఎర రవాణా నియమాల కోసం జోన్లుగా విడదీశారు, ఆ ఎర జోన్ల హద్దు దాటే పని ఉంటే మట్టిలో ఉంచిన ఎర్రలు కుదరవు, తయారుచేసిన బెడ్డింగ్‌లోనే ఉండాలి. ఆ లెక్కన ఈ పొడి ఖర్చు ఇంకో రకంగా కూడా కలిసొస్తుంది.

కొనాలా వద్దా అంటే మీ వీలుని బట్టి. వారం వారం చెరువుకి వెళ్తూ, ఎర్రలకి విడిగా చిన్న ఫ్రిజ్ పెట్టుకోగలిగితే నేను కళ్లు మూసుకుని కొనమంటాను. నెలకోసారి వెళ్లేవాళ్లు షాపులో డజను కొనుక్కోవడమే సుఖం. నలుపు తెలుపు న్యూస్‌పేపర్‌ని సన్నగా చింపి, నానబెట్టి పిండినా పని జరుగుతుంది, కాకపోతే వారానికల్లా ముద్దకడుతుంది, విప్పుతూ ఉండాలి. ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్లు మాత్రం ఇదంతా చదివి ఫ్రిజ్ జోలికి పోవద్దు. అక్కడ వర్మీకంపోస్టు యూనిట్లలో ఆఫ్రికన్ నైట్‌క్రాలర్ పేరుతో దొరికేది యూడ్రిలస్ అనే వేరే జాతి, వేడి దేశాలది. 4 డిగ్రీల్లో పెడితే తెల్లారేసరికి చచ్చిపోతుంది. దానికి నీడపట్టున గోనెపట్టా కప్పిన కుండీ చాలు.

మిగిలిన ఎర్రలని గట్టున పారబోయకండి. ఇవి ఐరోపా నుంచి వచ్చినవి. మంచుయుగం తర్వాత ఈ గ్రేట్ లేక్స్ అడవుల్లో సొంత వానపాములే లేవు, అక్కడి మొక్కలు నేల మీద మందంగా పేరుకున్న ఆకుల పొర మీద ఆధారపడి పెరిగాయి. ఇవి చేరితే ఆ పొరని తినేస్తాయి. ఒంటారియోలో నీటికి 30 మీటర్ల లోపు ఎర డబ్బా కుమ్మరించడం నేరం కూడా. నా మిగులు ఎర్రలు వచ్చే వారానికి మళ్లీ పెట్టెలోకి వెళ్తాయి, సీజన్ చివర మిగిలినవి బెడ్డింగ్‌తో సహా మూటకట్టి చెత్తలోకి పోతాయి.