బొలోన్యాలో మొదటి రాత్రి భోజనం

ఇటలీలో సాయంత్రం ఆరింటికి ఆకలేస్తే కష్టమే. మధ్యాహ్నం రెండున్నర, మూడింటికల్లా చాలాచోట్ల వంటగది కట్టేస్తారు. మళ్లీ ఏడున్నరకి గానీ పొయ్యి వెలిగించరు. మా అత్తయ్యకేమో ఏడింటికల్లా భోజనం అయిపోవాలి. పైగా ఆవిడ మాంసం, గుడ్డు ముట్టరు. అలాంటి మనిషిని బొలోన్యాకి తీసుకెళ్తున్నామంటే తెలిసినవాళ్లంతా నవ్వారు. బీఫ్, పంది మాంసం, గుడ్లు, వెన్న, చీజ్ మీద నడిచే వంట ఆ ఊరిది. ఇటలీవాళ్లే దాన్ని ‘లావుపాటి ఊరు’ అని ముద్దుగా పిలుచుకుంటారు.

ఎయిర్‌పోర్టు నుంచి మార్కోనీ ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఏడెనిమిది నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో దింపేస్తుంది. బాగుంది గానీ, అంత చిన్న ప్రయాణానికి టికెట్ ఎక్కువే. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తుంటే టాక్సీ రేటు కూడా అడిగి చూడండి.

స్టేషన్ దగ్గర హోటల్ కావాలా, పాత ఊరి మధ్యలో గది కావాలా అన్నదానిమీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పొద్దున్నే రైళ్లెక్కి తిరిగేవాళ్లకి స్టేషనే మేలు. మేం పాత ఊళ్లో ఒక చిన్న బీ అండ్ బీ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, పైకప్పు ఎత్తుగా ఉంది. లిఫ్ట్ మాత్రం ఒక మనిషికీ ఒక పెట్టెకీ సరిపోయేంతే. జంబోనీ వీధి వైపు కిటికీలున్న గది మాత్రం వద్దు. అది యూనివర్సిటీ వీధి. 1088 నుంచీ ఉన్న విశ్వవిద్యాలయమని గర్వంగా చెప్పుకుంటారు. అర్ధరాత్రి దాటినా కుర్రాళ్ల సందడి తగ్గదు. ఇంకో సంగతి, ట్రేడ్ ఫెయిర్లు జరిగే రోజుల్లో ఈ ఊళ్లో గదుల రేట్లు అమాంతం పెరిగిపోతాయి. తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి. తలకింత, రాత్రికింత అని సిటీ టాక్స్ కూడా విడిగా కట్టాలి.

మా రాత్రి భోజనానికి టేబుల్ మాట్లాడిపెట్టింది ఆ బీ అండ్ బీ నడిపే ఇంటావిడే. పక్క సందులో చిన్న త్రత్తోరియా, అంటే ఇంటి తరహా వంట పెట్టే భోజనశాల. బయట ఫోటోల మెనూ లేదు, లోపలికి రమ్మని పిలిచే మనిషీ లేడు. చేత్తో రాసిన ఒక కాగితం, అంతే. వర్షం పడుతున్నా గొడుగు లేకుండానే వెళ్లాం. ఇళ్ల ముందు కమానుల కింద నడిచే దారులు ఊరంతా ఉన్నాయి, అన్నీ కలిపితే అరవై కిలోమీటర్లు దాటతాయట. 2021లో యునెస్కో వాటిలో కొన్నిటిని వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకి ఈ దారులు చేసే మేలు అంతా ఇంతా కాదు.

తలుపు తీసేసరికి మేమే మొదటివాళ్లం. వడ్డించే ఆవిడకి యాభై ఏళ్లుంటాయి. అత్తయ్యని చూసి టేబుల్ కాస్త ముందుకి లాగింది, గోడవైపు మెత్తటి సీటులో కూర్చోబెట్టింది. ‘సిన్యోరా’ (అమ్మగారూ) అని మొదటి పలకరింపు అత్తయ్యకే. అత్తయ్యకి ఇటాలియన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఆ రాత్రంతా వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు!

అసలు కథ ఆర్డర్ దగ్గర మొదలైంది. ‘వెజిటేరియన్’ అనగానే చాలాచోట్ల తల ఊపేసి ఏదో ఒకటి తెచ్చి పెడతారు. ఈవిడ అలా చేయలేదు. గుడ్డు కూడా తినరని చెప్పగానే ఆగిపోయింది. ఎందుకంటే ఇక్కడి తాజా పాస్తా దాదాపు అంతా గుడ్డు పిండే. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు అన్నది వాళ్ల లెక్క. తాల్యతెల్లే, తోర్తెల్లీనీ, లజాన్యా అన్నీ అదే పిండి. పాలకూర, రికోట్టా చీజ్ పెట్టి చేసే తోర్తెల్లోనీని శాకాహారులకి బాగా సిఫారసు చేస్తారు గానీ, దాని పైపొరలోనూ గుడ్డు ఉంటుంది. లోపల వేసే పర్మిజానో చీజ్‌ని దూడ కడుపునుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఉల్లిపాయ, టమాటా గంటలకొద్దీ మగ్గించే ఫ్రిజ్జోనే చూడగానే అచ్చం మన ఉల్లిపాయ ఇగురులా ఉంటుంది. అత్తయ్య వేలు దానిమీదే ఆగింది. వడ్డించే ఆవిడ వెంటనే తల అడ్డంగా ఊపింది. అది పంది కొవ్వులో చేస్తారట.

అలా వద్దన్నవన్నీ పక్కన పెట్టాక వంటగదిలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. మెనూలో లేని పెన్నే అరబ్బియాతా చేస్తామంది. అది డబ్బాలో వచ్చే ఎండు పాస్తా, ఉత్త గోధుమ రవ్వ, నీళ్లు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప, టమాటా, పైన చీజ్ లేకుండా. అది రోమ్ వైపు వంటకం. చేత్తో ఒత్తిన తాజా పాస్తాకి పేరుమోసిన ఊళ్లో డబ్బా పాస్తా అడిగితే మొహం మాడ్చుకుంటారేమో అని నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. ఆవిడ మాత్రం, ఇంకాస్త కారం వేయించనా అని అడిగి మరీ వెళ్లింది.

అత్తయ్య ప్లేటు ఖాళీ చేశారు. పక్కన కాల్చిన వంకాయ, క్యాప్సికం. చివర్లో ఒక అనాస చక్రం, కత్తీ ఫోర్కుతో.

నేను తాల్యతెల్లే అల్ రగూ తీసుకున్నాను, రగూ అంటే మాంసం సాస్. ప్రపంచమంతా ‘స్పగెట్టీ బొలొనేజ్’ అని పెట్టేది ఇక్కడి మెనూలో కనిపించదు. సాస్ ఎర్రగా కారిపోతూ ఉండదు. టమాటా కొద్దిగానే, మాంసమే ఎక్కువ, వెడల్పాటి పాస్తాకి పట్టుకుని ఉంటుంది. ఈ రగూ తయారీ ఇలాగే ఉండాలని 1982లో ఊరి వాణిజ్య మండలిలో రాతపూర్వకంగా నమోదు చేయించారు. అందులో బీఫ్, పంది మాంసం రెండూ ఉంటాయి. బీఫ్ తినని మావారు పంది సాసేజ్‌తో చేసే గ్రమిన్యా అనే పాస్తా చెప్పారు. అది బాగానే ఉంది, ఉప్పు మాత్రం ఒక పిసరు ఎక్కువ. పాస్తా మీద చికెన్ కోసం మాత్రం వెతక్కండి, అక్కడ అలా తినరు.

బిల్లు సంగతి. మనిషికి రెండు మూడు యూరోల ‘కొపెర్తో’ ఉంటుంది. అది టేబుల్‌కీ రొట్టెకీ కలిపి వేసే రుసుము, మెనూలో ముందే రాసి ఉండాలి. మంచినీళ్లు కూడా సీసా లెక్కన కొనుక్కోవాల్సిందే. టిప్ ఇవ్వాలని ఎవరూ ఎదురుచూడరు. మనం అడిగేదాకా బిల్లు తేరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. మేం దాదాపు రెండు గంటలు కూర్చున్నాం, ఎవరూ మా వైపు విసుగ్గా చూడలేదు.

తర్వాత ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు, ఫాస్ట్ రైల్లో నలభై నిమిషాల లోపే, ఒక పెద్ద చౌక్‌లో ఫోటోల మెనూ పెట్టిన రెస్టారెంట్లో తిన్నాం. ‘అంతా వెజిటేరియనే’ అన్నాడు కుర్రాడు. సూప్‌లో మాంసం ఉడకబెట్టిన నీళ్లు పోశారా అని అడిగితే సమాధానం మారింది. కొపెర్తోకి తోడు సర్వీస్ చార్జీ. ఇంకా కాఫీ తాగుతుండగానే టేబుల్ తుడవడం. తిండి చెడ్డదేమీ కాదు, కానీ మళ్లీ వెళ్లను.

బొలోన్యా వెళ్లేవాళ్లు చిన్న త్రత్తోరియాలకి ముందే ఫోన్ చేయించుకోండి. చాలావాటికి వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కో రోజు. పెద్దవాళ్లుంటే ఏడున్నర టేబులే అడగండి. గుడ్డు తినరన్న మాట ఫోన్లోనే చెప్పించండి.