పిట్టల రికార్డు యాప్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాలమూరు, నల్లగొండ వైపు చెరువు గట్ల మీద, గుట్టల్లో పిట్టలు చూసే అన్నలకు, అక్కలకు ఒక జాగ్రత్త. చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే పెయిడ్ యాప్ ఒకటి ఈ మధ్య మన వైపు చాలామంది ఫోన్లలోకి వచ్చింది. ఏడాదికోసారి డబ్బు కట్టాలి. చలికాలం అంతా దాన్నే వాడాను. ఇప్పుడు నా లిస్టులన్నీ దాంట్లో ఇరుక్కుపోయాయి. యాప్ పేరు రాయడం లేదు. ఇదే తీరువి ఇంకా ఉన్నాయి, రేపు వేరే పేరుతో ఇంకోటి వస్తుంది. దేన్ని కొనబోయినా ముందు ఏం పరీక్షించాలో తెలియాలి, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ట్రయల్ వారంలో ఏ లోపమూ కనపడదు. మహబూబ్‌నగర్ పెద్దచెరువు గట్టు మీద నిలబడి బుడబుంగలు, నామాలకోళ్లు రాస్తే వెంటనే మ్యాపులో వచ్చేశాయి. ఊళ్లో సిగ్నల్ ఉంటుంది కాబట్టి అంతా సాఫీగా నడిచింది. అసలు సంగతి నల్లమలకు పోయాక తేలింది. ఫర్హాబాద్ వైపు అడవి లోపలికి పోతే ఫోన్లో సిగ్నల్ ఉండదు. ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందని యాప్ ప్రకటనలోనే ఉంది, పేర్లు రాయనిచ్చింది కూడా. తిరుగు దారిలో మన్ననూరు దగ్గర సిగ్నల్ తగలగానే అన్నీ ఒకేసారి అప్‌లోడ్ అయ్యాయి. తెరిచి చూస్తే, పొద్దున్నే అడవి లోపల చూసిన అడవికోడి, వడ్రంగి పిట్ట, పాముగద్ద, అన్నింటికీ మధ్యాహ్నం టైమే పడింది. చోటు మన్ననూరు రోడ్డు. పిట్టను ఎప్పుడు చూశామో తీసుకోకుండా, ఫోన్‌కు సిగ్నల్ ఎప్పుడొచ్చిందో అదే తీసుకుంది. పోనీ సరిచేద్దామంటే, ఒకసారి అప్‌లోడ్ అయిన దాని టైమును, చోటును మార్చే వీలే లేదు.

దానికంటే పెద్ద దెబ్బ ఎక్స్‌పోర్ట్. సబ్‌స్క్రిప్షన్ గడువు దగ్గరికొచ్చేసరికి రేటు పెంచారు. ఇక చాలు, నా రికార్డులు తీసుకొని బయటపడదాం అనుకున్నా. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది, నొక్కితే రంగురంగుల పీడీఎఫ్ వచ్చింది. అందులో పిట్ట పేరు, తేదీ, జిల్లా, అంతే. కోయిల్‌సాగర్‌లో చూసిన ఎర్రకాళ్ల కొంగలు ఎన్నో లేదు, ఎన్ని గంటలకు చూశామో లేదు, అక్షాంశ రేఖాంశాలు లేవు, రాసుకున్న నోట్స్ లేవు. కోయిల్‌సాగర్, జూరాల అన్న పేర్లు కూడా పోయి జిల్లా పేరొక్కటే మిగిలింది. కస్టమర్ సపోర్ట్‌కు మెయిల్ పెడితే మీ సూచన పరిశీలిస్తాం అన్నారు. గడువు దాటాక పాత లిస్టులు తెరుచుకోవు, మళ్లీ డబ్బు కట్టాల్సిందే. ఎండలో నిలబడి లెక్కబెట్టింది మనం. ఆ లెక్క మనకే చూపించడానికి అద్దె అడగడం అన్యాయం.

ఇది నా ఒక్కడి డైరీ గొడవే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల పరిస్థితిని చూసింది. దానికి ఆధారం చూసిన పిట్టల్ని నమోదు చేసే ఉచిత యాప్ ఈబర్డ్‌లో మనలాంటి మామూలు జనం పెట్టిన దాదాపు 3 కోట్ల రికార్డులు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట తగ్గిపోతోందని, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదికే చెప్పింది. దసరా నాడు పాలపిట్ట కోసం ఊరి బయటికి పోయే మనకు ఇది చిన్న విషయం కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అన్న మూడూ ఉన్న రికార్డే అలాంటి లెక్కకు పనికొస్తుంది. తాళం వేసిన యాప్‌లో ఉన్న పాలపిట్ట ఎవరి లెక్కలోకీ రాదు.

ఇంకొకటి, ఇది నిజంగా భయపెట్టింది. ఆ యాప్‌లో మనం చూసిన చోటు అందరికీ కనపడేలా ముందే పెట్టి ఉంటుంది. మన గుట్టల్లో బండల సందుల్లో గుడ్లగూబలు గూడు పెడతాయి. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో వాటిని పట్టి అమ్మేవాళ్లు ఉంటారు. గూడున్న బండ దాకా దారి చూపించే మ్యాపు అలాంటివాళ్ల చేతిలో పడితే ఏమవుతుంది? ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ రోజే సెట్టింగ్స్‌లోకి పోయి, చోటు అందరికీ చూపించడం ఆపేయండి. ఏ యాప్‌లోనైనా సరే, గూళ్ల చోటు బయటపెట్టకండి.

డబ్బు సంగతి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌కు పోయి క్యాన్సిల్ చేయాలి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆ మ్యాండేట్‌ను కూడా రద్దు చేయండి. కొన్న 48 గంటల లోపు అయితే గూగుల్‌కే రిఫండ్ అడగవచ్చు, ఆ తర్వాత యాప్ వాళ్లతోనే తేల్చుకోవాలి. వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మరి ఏది వాడాలి? నా మాట అడిగితే ఈబర్డ్. అమెరికాలో పిట్టల మీద పనిచేసే సంస్థలు కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ కలిసి 2002లో మొదలుపెట్టినది, పూర్తిగా ఉచితం. బయల్దేరే ముందు మన ప్రాంతం ప్యాక్, అంటే ఇక్కడి పిట్టల పేర్ల జాబితా, డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా లిస్టు రాసుకోవచ్చు, ఇంటికొచ్చాక పంపవచ్చు. పాత తేదీల లిస్టులు కూడా పెట్టవచ్చు. లెక్క తెలియని పిట్ట దగ్గర ఎక్స్ అని వేస్తే చాలు. మన డేటా మొత్తం ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్‌గా ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చు. కొన్ని సున్నితమైన జాతుల చోటును అది బయటికి చూపించదు. చూడటానికి ఆ పెయిడ్ యాప్ అంత అందంగా ఉండదు, మొదట్లో కొంచెం తికమకగా కూడా ఉంటుంది. మెర్లిన్ అనే ఇంకో యాప్ పిట్టను గుర్తుపట్టడానికి బాగుంటుంది, కానీ కూత విని అది చూపించిన పేరును మీరు సరిచూసుకోకుండా లిస్టులో వేయకండి.

అయినా వేరే యాప్ కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే ఒక పని చేయండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంటి ముందు కనపడిన నాలుగు పిట్టల్ని లెక్కతో, నోట్స్‌తో రాయండి. రెండు గంటలాగి ఇంకో చోటికి పోయి నెట్ ఆన్ చేయండి. టైము, చోటు సరిగ్గా ఉన్నాయా చూడండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరవండి. మీరు రాసిన ప్రతి ముక్కా అందులో కనపడితేనే డబ్బు సంగతి ఆలోచించండి.

నాలాగే ఇరుక్కున్నవాళ్లు గడువు ముగియకముందే ఒక్కో లిస్టు తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫోన్‌తో ఫొటో తీసి ఉంటే ఆ ఫొటో వివరాల్లో టైము ఉంటుంది, లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే చోటు కూడా దొరుకుతుంది. వాటిని పట్టుకొని నేను కోయిల్‌సాగర్ లిస్టులు ఒక్కొక్కటే ఈబర్డ్‌లో మళ్లీ రాస్తున్నా. ఎవరికైనా సాయం కావాలంటే అడగండి, కూర్చుని చేద్దాం.