గడప మీదుగా చేయి కలపని ఊళ్లలో

2019 జూన్ చివర్లో నేనూ మావారూ పది రోజులు ఉక్రెయిన్ వెళ్లొచ్చాం. మా అక్క కొడుకు అప్పుడు ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం పూర్తి చేశాడు. కీవ్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నకల్లా వాడి దగ్గరికి చేరాం. నాలుగు బెర్తుల కూపే, సీలు వేసిన కవర్లో ఉతికిన దుప్పట్లు, లోహపు పట్టీ ఉన్న గాజు గ్లాసులో వేడి టీ. రైలు విషయంలో ఒక్క వంక కూడా పెట్టలేను.

వాడు తలుపు తీయగానే పట్టలేని సంతోషంతో బయటి నుంచే చేయి చాచాను. వాడు వెనక్కి జరిగి, "పిన్నీ, ముందు లోపలికి రా. గడప మీదుగా పలకరించుకుంటే గొడవలొస్తాయని ఇక్కడ నమ్మకం" అన్నాడు. గడప మీద నిలబడి ఏదైనా ఇస్తే మా అమ్మ ఎన్నిసార్లు కసిరిందో! అంత దూరం వెళ్లి అదే మాట వినేసరికి ఒళ్లు జలదరించింది. ఆ రోజు నుంచి నేను చర్చిలు, కోటలు పక్కన పెట్టి, ఆ ఊళ్ల శకునాలే అడుగుతూ తిరిగాను.

అక్క కొడుకు ఉంటున్న ఇంటి యజమానురాలికి పూలు కొందామని ఆరు గులాబీలు తీసుకున్నాం. పూలమ్మే ఆమె చేయి ఆపేసి, ఎవరైనా పోయారా అని అడిగింది. అక్కడ సరిసంఖ్య పూలు సమాధికి, బేసిసంఖ్య పూలు బతికున్నవాళ్లకి. ఏడోది తనే ఏరి కట్టింది, దానికి డబ్బు తీసుకోలేదు. మనం చదివింపుల్లో నూట పదహార్లు రాయించడం గుర్తొచ్చింది.

అక్కడి నుంచి కొలొమియా ఊరు దాదాపు గంటన్నర ప్రయాణం. 2000లో కట్టిన పీసంకా, అంటే రంగుల ముగ్గుల గుడ్డు, మ్యూజియం కోసం వెళ్లాం. భవనం నడిమి భాగం పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బయట ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అలా చేయకండి, లోపల కనీసం రెండు గంటలు ఉండండి. గుడ్డు మీద తేనెమైనంతో గీతలు గీసి, లేత రంగు నుంచి ముదురు రంగు దాకా ఒక్కొక్కదాంట్లో ముంచి, చివర్లో కొవ్వొత్తి సెగకి మైనం కరిగించి తుడుస్తారు. దాన్ని "వేయడం" అనరు, "రాయడం" అంటారు. పీసంకా అన్న పేరే ఆ మాటలోంచి వచ్చింది. కార్పాతియన్ కొండల్లో ఉండే హుత్సుల్ జనం చెప్పుకునే కథ ఒకటుంది. కొండలో ఒక దుష్టశక్తి గొలుసులతో కట్టేసి ఉందట. ఆ ఏడాది రాసిన పీసంకాలు తక్కువైతే గొలుసులు వదులవుతాయట, ఎక్కువైతే బిగుస్తాయట. ఆడవాళ్లు పిల్లలు పడుకున్నాక, పరాయి కంట పడకుండా రాసేవాళ్లంటే ఎందుకో అప్పుడు అర్థమైంది. 2024లో యునెస్కో ఈ కళని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

బస మాత్రం హోటల్లో వద్దు. క్రివొరివ్నియా ఊళ్లో ఒక పెద్దామె ఇంట్లో మూడు రాత్రులు ఉన్నాం. చెక్క ఇల్లు, ఊలు దుప్పటి, ఉమ్మడి బాత్‌రూమ్. వేడినీళ్లు పొద్దున ఒక గంటే వస్తాయి, రోడ్డు గతుకులమయం, ఇంగ్లిష్ మాట వినపడదు. అయినా మళ్లీ అవకాశం వస్తే నేరుగా అక్కడికే వెళ్తాను. మొక్కజొన్న రవ్వని మీగడలో ఉడికించి చీజ్ వేసి పెట్టే బానుష్ తిని తీరాలి. పైన పంది కొవ్వు వేగించి చల్లుతారు కాబట్టి మాంసం తిననివాళ్లు ముందే చెప్పుకోవాలి.

ఆ ఇంట్లో తెలియక చేసిన ప్రతి పనికీ ఆమె ఓపికగా కారణం చెప్పింది. ఇంట్లో ఈల వేస్తే డబ్బు నిలవదు. పెళ్లికాని పిల్ల బల్ల మూల కూర్చోకూడదు. ఖాళీ సీసా బల్ల మీద ఉంచకూడదు, కింద పెట్టాలి. మరిచిపోయిన కళ్లజోడు కోసం వెనక్కి వస్తే, అద్దంలో ముఖం చూసుకుంటే గాని బయటికి పోనివ్వలేదు. మాట మధ్యలో మావారు తుమ్మితే నేను ఆగిపోయాను, ఆమె మాత్రం సంతోషపడింది. తుమ్మితే ఆ మాట నిజమని అక్కడ లెక్క. ఖాళీ బకెట్ ఎదురురావడం మాత్రం మనకి లాగే కీడు. వచ్చేసే రోజు సామాన్లు సర్దాక అందర్నీ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోబెట్టింది. ప్రయాణం ముందు అలా కూర్చుంటే దారి సాఫీగా సాగుతుందట. మేం గేటు దాటేసరికి నిండు బకెట్‌తో బావి వైపు నుంచి నడిచి వచ్చింది. మాకోసమే ముందే వెళ్లి తోడుకొచ్చిందని తెలిసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

డబ్బు దండగైంది ఒక్కచోటే. నగరంలో ఒక ట్రావెల్ ఏజెంట్ "మోల్‌ఫార్ దర్శనం" అని 1500 హ్రివ్నియాలు తీసుకున్నాడు. అప్పటి లెక్కలో దాదాపు నాలుగు వేల రూపాయలు. మోల్‌ఫార్ అంటే మంత్రం, మూలికలు తెలిసిన హుత్సుల్ వైద్యుడు. తీసుకెళ్లిన చోట ఒకతను కరిగిన మైనం నీళ్లలో పోసి, పది నిమిషాల్లో జాతకం చెప్పి పంపేశాడు. ఆ దగ్గర్లోని వెర్ఖ్‌నియ్ యాసెనివ్‌లో మిఖాయిలో నెచాయ్ అనే పేరున్న మోల్‌ఫార్ ఉండేవారు, 2011లో తన ఇంట్లోనే హత్యకి గురయ్యారు. ఆయన పేరు మా పెద్దామె ఎంత గౌరవంగా పలికిందో విన్నాక, ఈ టూర్ల వ్యాపారం మీద కోపమే వచ్చింది. దయచేసి ఎవరూ కొనకండి.

తిరిగి కీవ్ వచ్చి జులై 6 రాత్రి పిరోహివ్‌లో ఇవానా కుపాలా పండుగ చూశాం. ఉక్రెయిన్ నలుమూలల నుంచి తెచ్చి నిలబెట్టిన పాత ఇళ్ల ఆరుబయటి మ్యూజియం అది. జంటలు చేతులు పట్టుకుని మంట దూకుతాయి, చేతులు విడిపోకపోతే ఆ పెళ్లి నిలుస్తుందని నమ్మకం. అమ్మాయిలు పూలదండలు నీళ్లలో వదులుతారు. చూడముచ్చటగా ఉంది కానీ విపరీతమైన జనం, తిరుగు బస్సు కోసం గంటన్నర నిలబడ్డాం. ముందే టాక్సీ మాట్లాడుకోవాల్సింది. ఆ ఇళ్లని తీరిగ్గా చూడాలంటే పండుగ రోజు కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్లడం మేలు.

యుద్ధం వల్ల ఇప్పుడు అక్కడికి ఎవర్నీ వెళ్లమని చెప్పలేను. 2022 ఫిబ్రవరి 24 తర్వాత, ఆరో సంవత్సరంలో ఉన్న మావాడు ముగ్గురు స్నేహితులతో కలిసి రుమేనియా సరిహద్దుకి బస్సెక్కాడు. ఇంటికి చేరాక మా అక్క ఏడుస్తూనే ఉంది. నేను మాత్రం అడిగాను, "బయల్దేరేముందు కూర్చున్నార్రా?" అని.

"కూర్చున్నాం పిన్నీ. బస్సు హారన్ కొడుతున్నా, ఇంటామె తలుపుకి అడ్డంగా నిలబడి మమ్మల్ని నలుగుర్నీ బ్యాగుల మీద కూర్చోబెట్టింది."