అతకని పక్కటెముక: ఆగి చూడటమా, ప్లేటు వేయించుకోవడమా?

విరిగిన పక్కటెముక సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో దానంతటదే అతుక్కుంటుంది. 3 నెలలు దాటినా దగ్గినప్పుడు, పక్కకు ఒత్తిగిలినప్పుడు లోపల ఎముక కదిలినట్టు అనిపిస్తే సీటీ స్కాన్ తీయించాలి. ఎముక అతకలేదన్న సంగతి మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

ఆగి చూడటమంటే నొప్పి మాత్రలు, శ్వాస వ్యాయామాలు, పొగ మానడం, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం. కొందరికి ఆలస్యంగానైనా అతుకుతుంది, మరికొందరికి అతకకపోయినా బాధ తగ్గుతుంది. అయితే హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా గుంతల్లో బండి నడుపుతూ ఇలా ఆగి చూడటం కష్టమే; ఆ కొన్ని నెలలైనా మెట్రో ఎక్కడం మేలు. ఛాతీకి బిగుతుగా పట్టీ కట్టుకుంటే మాత్రం ఊపిరి నిండుగా అందక న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది.

శస్త్రచికిత్సలో విరిగిన కొసల మధ్య పెరిగిన పీచు కణజాలాన్ని తొలగించి, అవసరమైతే కటి ఎముక నుంచి తీసిన ముక్కను అక్కడ అమర్చి, టైటానియం ప్లేటును స్క్రూలతో బిగిస్తారు. కదలిక ఆగుతుంది కనుక చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. కానీ ఖర్చు ఎక్కువ. చీము పట్టడం, కోత చుట్టూ తిమ్మిరి, ప్లేటు వదులవడం వంటి ఇబ్బందులూ ఉన్నాయి.

నా అభిప్రాయంలో, స్కాన్‌లో కనిపించిన ఖాళీ దగ్గరే నొప్పి ఉండి, పనీ నిద్రా చెడుతుంటే శస్త్రచికిత్సకే మొగ్గాలి. ఆ బాధ పక్కటెముక కింది నరానిదైతే ప్లేటు వేసినా పోకపోవచ్చు. అందుకే ముందుగా ఆ నరానికి మత్తు ఇంజెక్షను ఇప్పించి చూడటం గురించి, నిమ్స్ వంటి పెద్దాసుపత్రిలోని ఛాతీ శస్త్రవైద్యులను అడగడం మంచిది.