‘మానిటర్’ చెక్క కిట్: బురుజును మాత్రం అంటించొద్దు

సికింద్రాబాద్ హాబీ షాపుల్లో దొరుకుతున్న 1:150 స్కేలు ‘మానిటర్’ (అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర పక్షం వాడిన ఇనుప కవచపు యుద్ధనౌక) కిట్ వెల 2,450 రూపాయలు. పెట్టెలో లేజర్‌తో కోసిన 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) షీట్లు రెండు, 1 మి.మీ. ప్లై షీట్లు రెండు ఉంటాయి. వాటితో పాటు రెసిన్‌లో పోతపోసిన బురుజు, రెండు ఫిరంగి గొట్టాలు, ప్రొపెల్లర్, ఇరుసుగా వాడే 3 మి.మీ. కర్రపుల్ల. జిగురు, రంగులు, శాండ్‌పేపర్ విడిగా కొనుక్కోవాలి. తీరిగ్గా చేస్తే మూడు ఆదివారాల పని.

కొలతల్లో వంక పెట్టడానికి లేదు. అసలు నౌక పొడవు 179 అడుగులు, వెడల్పు 41 అడుగుల 6 అంగుళాలు. ఈ స్కేలుకు 36.4 సెం.మీ., 8.4 సెం.మీ. రావాలి, వచ్చాయి. బురుజు లోపలి వ్యాసం 20 అడుగులు, గోడ మందం 8 అంగుళాలు. అంటే బయట 4.3 సెం.మీ. ఉండాలి, అదీ సరిపోయింది. డెక్కు నీటికి 18 అంగుళాల ఎత్తులోనే ఉండేది, మోడల్‌లో అది 3 మి.మీ. ఈ నౌకను ‘తెప్ప మీద డబ్బా’ అని వెక్కిరించింది అందుకే. కాబట్టి నీటి గీతను డెక్కు అంచుకు సరిగ్గా 3 మి.మీ. కింద టేపు వేసి గీయండి. కవచపు అంచు ఎత్తు 1 సెం.మీ. ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నీళ్లలోదే. అంచు మొత్తం పైకి కనిపించేలా రంగేస్తే నౌక మామూలు పడవలా తేలిపోయి, దాని ప్రత్యేకతే పోతుంది.

ఇక బురుజు. గోల్కొండ కోటలో బురుజు కదలదు, దాని మీది ఫిరంగిని తిప్పుకోవాలి. ఇంజినీర్ జాన్ ఎరిక్సన్ 1861లో గీసిన ఈ నౌకలో బురుజే తిరుగుతుంది. అంగుళం మందం ఇనుప రేకులు 8 పొరలు, లోపల 11 అంగుళాల డాల్‌గ్రెన్ రకం ఫిరంగులు రెండు. మామూలుగా అంత బరువూ డెక్కులో బిగించిన ఇత్తడి కడియం మీద ఆనుకునేది. తిప్పాలంటే చీలకొట్టి కాస్త పైకి లేపేవాళ్లు, అప్పుడు బరువు నడి ఇరుసు మీద పడేది, చిన్న ఆవిరి ఇంజిన్ దాన్ని తిప్పేది. పరీక్షలో పూర్తి చుట్టుకు 22.5 సెకన్లు పట్టింది. కదిలాక అనుకున్న చోట ఆపడమే కష్టం. అందుకే 1862 మార్చి 9న దక్షిణ పక్షపు ఇనుప కవచపు నౌక ‘వర్జీనియా’తో పోరులో తిరుగుతుండగానే గురి కుదిరినప్పుడు పేల్చారు.

కిట్ సూచనల్లో 14వ మెట్టు దగ్గర బురుజును డెక్కుకు జిగురుతో అంటించమన్నారు. అది చేయొద్దు. ఇరుసు రంధ్రం కూడా సరిగ్గా 3 మి.మీ.కే కోశారు. జూలై, ఆగస్టుల్లో మన ఊరి తేమకు ఎండీఎఫ్ ఉబ్బి, పుల్ల అందులో బిగుసుకుపోతుంది. గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని 3.5 మి.మీ.కు పెంచండి. లోపలి అంచుకు పల్చటి జిగురు పూసి ఆరనిచ్చి, పుల్లకు కొవ్వొత్తి మైనం రుద్దండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో 1 మి.మీ. ఇత్తడి తీగ దొరుకుతుంది. దాన్ని 4 సెం.మీ. వ్యాసం చుట్టుగా వంచి డెక్కులో గాడి తీసి కూర్చోబెడితే, ఎరిక్సన్ కడియమే వచ్చినట్టు. రెసిన్ బురుజు తేలిక కాబట్టి లోపల నాలుగు ఇనుప వాషర్లు అంటించండి. అప్పుడు వేలితో తోస్తే మెత్తగా, నిండుగా తిరుగుతుంది.

ఈ అతుకు మీద ఇంత పట్టు ఎందుకంటే, నౌక ప్రాణం పోయిన చోట్లలో ఇదొకటి. 1862 డిసెంబర్‌లో నౌకను మరో నౌకకు కట్టి దక్షిణానికి లాక్కుపోయే ముందు బురుజును ఎత్తి కింద తారు నార దట్టించారు. అలల దెబ్బకు నార కొట్టుకుపోయి, ఆ సందులోంచి నీళ్లు దిగాయి. డిసెంబర్ 31 తెల్లవారకముందే అమెరికా తూర్పు తీరంలోని హాటెరస్ అగ్రం దగ్గర మునిగింది, 16 మంది పోయారు. 2002లో సముద్రం అడుగు నుంచి తీసిన ఆ బురుజు ఇప్పుడు వర్జీనియా రాష్ట్రం న్యూపోర్ట్ న్యూస్‌లోని మ్యూజియంలో ఉంది.

అడుగు భాగం పని మామూలే, ఒక్క చోటే తంటా. ముక్కు దగ్గర వంచాల్సిన ప్లై ముక్కల్లో చెక్క ఈనెలు అడ్డంగా ఉన్నాయి, పొడిగా వంచితే ఫట్‌మంటాయి. గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, బట్టల క్లిప్పులతో పట్టించి, రాత్రంతా వదిలేయండి. ఇక్కడ ఫెవికాలే మేలు. సూపర్ గ్లూ వేస్తే సర్దుకునే వ్యవధి ఉండదు, పైగా అతుకు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ఎండీఎఫ్ అంచుల మసిని పాత టూత్‌బ్రష్‌తో దులపకపోతే ప్రైమర్ పొరలుగా లేచిపోతుంది. డెక్కు మీద రేకుల గీతలు చాలా సన్నగా, చక్కగా కోశారు, కాబట్టి చిక్కటి రంగు ఒకసారి కాకుండా పల్చగా రెండుసార్లు వేయండి. అచ్చ నలుపు రివెట్లను మింగేస్తుంది, ముదురు బూడిద రంగులో ఒక్కొక్కటీ కనిపిస్తుంది.

అసలు తప్పు పెట్టె మీదే ఉంది. ‘1862 మార్చి 9’ అని అచ్చేసి, లోపల వాలుగోడల పైలట్‌హౌస్ (నౌకను నడిపే చిన్న గది) ఇచ్చారు. పోరు నాటికి దాని గోడలు నిటారుగా ఉండేవి. చూపు సందు దగ్గర గుండు పేలి కెప్టెన్ వర్డెన్ కళ్లు దెబ్బతిన్నాకే వాటిని వాలుగా మార్చారు. కరపత్రంలో ‘ప్రపంచపు తొలి ఐరన్‌క్లాడ్’ (ఇనుప కవచపు నౌక) అన్నదీ సరికాదు. ఫ్రాన్స్ ‘గ్లోర్’ 1859లోనే, బ్రిటన్ ‘వారియర్’ 1860లోనే నీళ్లలోకి దిగాయి. ‘మానిటర్’ పాల్గొన్నది ఐరన్‌క్లాడ్‌ల మధ్య జరిగిన తొలి పోరు.

దిద్దుకోవడానికి రెండు దారులున్నాయి. మార్చి రూపమే కావాలంటే మిగులు ప్లైతో 7.8 మి.మీ. ఎత్తు నిటారు పెట్టె కట్టి, పొగగొట్టాల చదరపు పెట్టెలు వదిలేయండి, పోరు వేళ వాటిని తీసేశారు. లేదా ఇచ్చిన ముక్కలన్నీ ఉన్నవున్నట్టు బిగించి దాన్ని 1862 జూలై నౌకగా చూపండి. ఆ నెల జేమ్స్ నదిలో తీసిన ఫొటోల్లో వాలు పైలట్‌హౌస్ ఉంది, ఫిరంగి రంధ్రాల పక్కన గుళ్ల సొట్టలూ ఉన్నాయి. గుండ్రటి మొన బిట్‌తో, అర మి.మీ. లోతు మించకుండా, ప్రైమర్‌కు ముందే ఆ సొట్టలు వేసుకోవాలి.