ఆర్కెస్ట్రాలో కొనసాగడమా, సొంతంగా వెళ్లడమా?

కడప చుట్టుపక్కల పెళ్లిళ్లకు, జాతరలకు వాయించే ఆర్కెస్ట్రాలో కీబోర్డు కళాకారుడికి ముహూర్తాల నెలల్లో తీరిక ఉండదు, మూఢం వస్తే పని ఉండదు. సొంతంగా వెళ్లినవాడికి మూఢంతో నిమిత్తం లేదు గానీ బేరం, ప్రయాణం, సౌండ్ బాక్సుల అద్దె అన్నీ అతని నెత్తినే. బృందంలో అయితే ఆ తలనొప్పి నిర్వాహకుడిది.

నేర్పు సంగతికొస్తే నా ఓటు బృందానికే. గాయని గొంతు పట్టేసిందంటే పల్లవి మొదలయ్యేలోపు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతి దించాలి. డ్రమ్స్ వాయించేవాడు తొందరపడితే ఎడమచేతి బాసు (మంద్ర) స్వరాలతో లయను లాగి పట్టాలి. గదిలో ఒంటరిగా కూర్చుంటే ఈ విద్య అబ్బదు.

హక్కుల దగ్గర తూకం మారుతుంది. ఎన్ని సినిమా పాటలు వాయించినా ఆ రాత్రి పారితోషికంతో సరి. సొంత బాణీకి 2012 కాపీరైట్ సవరణ అండ ఉంది. దాన్ని సినిమాకు ఇచ్చినా, థియేటర్ ప్రదర్శన మినహా ఇతర వాడకాలపై రాయల్టీలో సమాన వాటాను స్వరకర్త నుంచి నిర్మాత రాయించుకోలేడు. కానీ చాలామంది ‘సోలో’ అంటూ చేసేది సినిమా పాటల కవర్లే, అంటే ఉన్న పాటనే మళ్లీ తమ చేత్తో వాయించడమే! వాటికి ఈ అండ వర్తించదు. పైగా అనుమతుల తంటా వేరే.

సొంత బాణీలు చేతిలో లేకుండా బృందాన్ని వదలడం తొందరపాటే. ముహూర్తం రోజు ఎగ్గొట్టనంతవరకు, మిగతా రోజుల్లో ఏం చేసుకున్నా నిర్వాహకుడికి పట్టింపు ఉండదు.